పై మిద్దెకు వైఫై అందాలంటే: రౌటర్ మార్చాలా, కేబుల్ లాగాలా?

బైరాగిపట్టెడ_ఇల్లు:
కింద ఒకటి, పైన రెండు మిద్దెలు. 9 అంగుళాల ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు. ఫైబర్ ప్లాను 200 ఎంబీపీఎస్. నెట్ పెట్టె (ఫైబర్ తగిలించే మోడెం-రౌటర్) కింది హాల్లో టీవీ వెనకాల ఉంది. పై మిద్దెలో 5 గిగాహెర్ట్జ్ వైఫై (వేగం ఎక్కువ, దూరం తక్కువ వెళ్లేది) తగలడమే లేదు. ఖరీదైన రౌటర్ కొనాలా, రిపీటర్ (వైఫై అందుకుని మళ్లీ పంపే పెట్టె) చాలా?

కేబుల్_పని:
రెండూ వద్దన్నా. 5 గిగాహెర్ట్జ్‌కు ఒక స్లాబు దాటడమే కష్టం, రెండు దాటిందంటే నమ్మను. రౌటర్‌కు ఎనిమిది యాంటెన్నాలున్నా ఫోన్ పంపే సిగ్నల్ బలం పెరగదు కదా. ఒకే రేడియోతో వింటూ, పంపుతూ ఉండే రిపీటరైతే వేగం దాదాపు సగం తినేస్తుంది. ఆ డబ్బుతో క్యాట్ 6 (నెట్‌వర్క్) కేబుల్ పైకి లాగించి, అక్కడ మామూలు వైఫై 6 రౌటర్‌ను యాక్సెస్ పాయింటుగా (కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా పంచేదిగా) పెట్టండి.

కేబుల్ కొనేముందు ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, తీసుకోవద్దు. క్రింపింగ్‌లో (కేబుల్ చివర ప్లగ్గు బిగించేటప్పుడు) రెండు చివర్లా ఒకటే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ తగలకపోయినా లింకు 1000 ఎంబీపీఎస్ నుంచి 100కి పడిపోతుంది. అప్పుడు స్పీడ్ టెస్ట్ 94 దగ్గరే ఆగుతుంది.

రేణిగుంట_రోడ్డు:
94 దగ్గర ఆగితే పోర్టులు కూడా చూడండి. డబ్బా మీద ఏసీ1200 (వైఫై వేగం తరగతి) అని పెద్దక్షరాలుంటాయి, వెనక పోర్టులు మాత్రం 10/100, అంటే 100 ఎంబీపీఎస్ దాటవు. మీ ప్లానుకు అది దండగ. 10/100/1000 అని రాసుంటేనే కొనండి.

సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే కింది పెట్టె ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 192.168.1.1 అనుకుందాం: ముందు పైదానికి 192.168.1.2 ఇవ్వండి, తర్వాత దాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులిచ్చే పని) ఆపండి, చివర్లో కేబుల్ గుచ్చండి, అదీ ల్యాన్ (ఇంట్లో పరికరాలు తగిలించే) పోర్టులో. వ్యాన్‌లో (బయటి నెట్ వచ్చే పోర్టులో) గుచ్చితే ఇంట్లో రెండు నెట్‌వర్కులవుతాయి. పై ఫోన్లో కింది టీవీ కనపడదు.

పేరు, పాస్‌వర్డ్ రెండిటికీ ఒకటే ఉంచి, ఛానళ్లు వేరు చేయండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద ఛానల్ 1, పైన 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే పక్కిళ్ల వైఫైతో గుద్దుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149.

బైరాగిపట్టెడ_ఇల్లు:
కేబుల్ బయట గోడ వెంబడి తీసుకెళ్లొచ్చా?

కేబుల్_పని:
మెట్లగది లోపలి నుంచి దారి ఉంటే బయటికి పోవద్దు. మన ఎండకు మామూలు తొడుగు పెళుసైపోతుంది. తప్పదంటే నల్ల తొడుగున్న అవుట్‌డోర్ కేబులే వేయండి. అంతకంటే నాకు భయం అక్టోబరు, నవంబరు ఉరుముల వానలంటే. దగ్గర్లో పిడుగు పడితే ఆ పొడవాటి రాగి తీగలో వోల్టేజి పుట్టి రెండు చివర్ల పోర్టులూ మాడతాయి. ప్లగ్గు ఒక్కటే పీకితే లాభం లేదు, ల్యాన్ కేబుల్ కూడా పీకాలి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం ఎప్పుడూ దూర్చొద్దు.

గ్రీమ్స్‌పేట_చిత్తూరు:
నెట్ పెట్టెను కూడా టీవీ వెనకనుంచి తీసి, బీరువాకు దూరంగా, తలెత్తు ఎత్తులో గోడకు తగిలించండి. జరిపేటప్పుడు మిగిలిన ఫైబర్‌ను చేతి గాజంత వెడల్పుగా చుట్టండి, చిన్న చుట్ట చుడితే వంపు దగ్గర కాంతి బయటికి పోతుంది. జరిపాక పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (ఫైబర్‌లో అందే కాంతి బలం) చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 28కి దిగితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

బైరాగిపట్టెడ_ఇల్లు:
కరెంటు పోయినప్పుడు మినీ యూపీఎస్ కింది పెట్టెకు ఒక్కదానికి చాలా?

రేణిగుంట_రోడ్డు:
చాలదు, పైదానికీ ఒకటి కావాలి. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అనుంటే యూపీఎస్ కూడా సరిగ్గా 12 వోల్టులే, కనీసం 1.5 ఆంపియర్లు ఇవ్వాలి. ఆంపియర్లు తక్కువైతే వైఫై వాడకం పెరిగినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అవుతుంటుంది.