సమస్యాపూరణం: “వెన్ను చూపినవాఁడె పో వీరవరుఁడు”

నిర్వాహకుడు: ఈ వారం తెగువ మీద. ఈ పాదం తట్టినప్పటి నుంచి నవ్వు ఆగడం లేదు. తేటగీతి చివరి పాదంగా పూరించండి.

కృష్ణాతీరం:
కాలయవనుఁడు తఱుమఁగఁ గదనమందు
కొండగుహదాఁక రప్పించి కూల్చె శౌరి
నిదుర లేచిన ముచుకుందు నేత్రశిఖను;
వెన్ను చూపినవాఁడె పో వీరవరుఁడు.

గణపరీక్ష: ధార బాగుంది. ‘ముచుకుందు నేత్రశిఖను’ మంచి ముక్క. కానీ ఈ పాదం చూడగానే ఎవరికైనా మొదట తట్టేది కృష్ణుడే కదండీ. మీ నుంచి ఇంకా ఆశిస్తాం.

మన్యం:
దామనపల్లి కనుమలో దాఁగి యుండి
ముందు నడిచిన మనవారి మొనను విడిచి
వెనుక వచ్చిన దొరలనె వేఁటలాడె;
వెన్ను చూపినవాఁడె పో వీరవరుఁడు.

గణపరీక్ష: ‘దామ’ హగణం (గురువు, లఘువు), సరే. తర్వాత ‘నపల్లి’? అది జగణం (లఘువు, గురువు, లఘువు). అక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో దానికి చోటే లేదు. ఊరి పేరుతో పాదం ఎత్తుకుంటే వచ్చే చిక్కే ఇది. ‘కనుమ దామనపల్లిలోఁ గాచి యుండి’ అంటే యతి కూడా క–గా కుదురుతుంది.

కృష్ణాతీరం: గణం సరే, అసలు చిక్కు అన్వయంలో ఉంది. 1922 సెప్టెంబరు 24న అల్లూరి సీతారామరాజు ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ దొరలపై కాల్పులు జరిపించాడు. ఆయన తెగువంతా తుపాకి పేల్చకుండా ఓపిక పట్టడంలో ఉంది. మరి ఇందులో వెన్ను చూపింది ఎవరు? ఆయన పారిపోలేదు, పారిపోయినట్టు నటించనూ లేదు.

మన్యం: సవరణ తీసుకున్నాను, అన్వయదోషం కూడా ఒప్పుకుంటున్నాను. అయితే కృష్ణాతీరం గారూ, చరిత్ర విషయంలో ఇంత పట్టుదల ఉన్న మీరు పోయిన సమస్యలో ప్రకాశం పంతులు గారు రొమ్ము చూపిన సంఘటనను 1927లో పెట్టారు. ఆ ఏడాది నవంబరులో జరిగింది సైమన్ కమిషన్ నియామకం మాత్రమే. వాళ్లు బొంబాయిలో దిగిందీ, మద్రాసులో పంతులు గారు తుపాకులకు ఎదురు నిలిచిందీ 1928 ఫిబ్రవరి 3న.

కృష్ణాతీరం: నిజమే. ఆ పద్యంలో సంవత్సరం మార్చేశాను.

పొలంగట్టు:
అప్పులకు నోర్చి వానల నదను చూచి
చీడపీడల నొక్కఁడై చెరిపి నిలిచి
పాలు దిగి బరువెక్కి తా వంగినట్టి
వెన్ను చూపినవాఁడె పో వీరవరుఁడు.

నిర్వాహకుడు: వెన్ను అంటే కంకి! పాదాన్ని విరవకుండానే అర్థం తిప్పేశారు. ఇప్పటివరకు నాకు నచ్చిన పూరణ ఇదే.

మన్యం: శ్లేష అద్భుతం. ఒక్క మాట. వరి పాల దశలో వెన్ను వంగడం మొదలుపెడుతుందంతే, తల బాగా వాల్చేది గింజ గట్టిపడ్డాక. అప్పటికింకా పాలెక్కడివి?

పొలంగట్టు: ‘దిగి’ క్త్వార్థం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే క్రియ మాస్టారూ. పాలు దిగడం ముందు, బరువెక్కడం తర్వాత, వంగడం ఆ పైన. మూడు దశలూ వరుసగానే ఉన్నాయి.

గణపరీక్ష: ‘వానల నదను’ దగ్గర అచ్చుయతి, ‘పాలు–వంగి’కి పవర్గంతో వకారం. రెండూ సాధువే. వేలు పెట్టడానికి సందు దొరకలేదు.

సాలెగూడు:
లాఠి దెబ్బల నించుక లక్ష్యపెట్ట
కెదురు చేయెత్త కటఁ గోర్టు కేఁగి నిలిచి
వాతలెన్నుమ టంచును వలువ తీసి
వెన్ను చూపినవాఁడె పో వీరవరుఁడు!

నిర్వాహకుడు: ఒళ్లు జలదరించింది. 1930 మే 21న ఉప్పు సత్యాగ్రహంలో ధరాసన ఉప్పు కొటారు దగ్గర చెయ్యెత్తకుండా దెబ్బలు తిన్న వరుసలు కళ్లముందు నిలిచాయి.

పొలంగట్టు: వెన్నుకు వేరే అర్థం వెతక్కుండా, వీపునే ఉంచి పిరికితనాన్ని తెగువ చేశారు. నా శ్లేష కంటే ఇదే పై మెట్టు.

గణపరీక్ష: ‘అటఁ’ ఒక్కటీ పూరకం, గణం నింపడానికి వేసిన మాట. అది లేకపోతే ఇంద్రగణంలో ఒక లఘువు తగ్గుతుందని తెలుసు, అయినా మీ స్థాయికి అది ఉండకూడదు.

సాలెగూడు: ‘చేయెత్త కొక కోర్టు’ అంటే?

గణపరీక్ష: గణం సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు), నిలుస్తుంది. కానీ ‘ఒక కోర్టు’ అంటే ఏదో ఒక కోర్టు అయిపోతుంది. ‘అటఁ’ అంటే దెబ్బలు పడ్డ ఊరి కోర్టే. పాత పాఠమే ఉంచండి.