వియత్నాం అమ్మాయితో పెళ్ళయింది, పౌరసత్వం కోసం ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోవాలా?

ప్రశ్న (డానాంగ్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. నాలుగేళ్ళుగా డానాంగ్‌లో ఉద్యోగం. ఇక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాను, ఇప్పుడు తనకి ఏడో నెల. 2025లో చట్టం మారిందని, పాత పౌరసత్వం ఉంచుకునే వియత్నాం పౌరసత్వం తీసుకోవచ్చని మా ఆఫీసులో ఒక ఫ్రెంచ్ ఆయన చెబుతున్నాడు. మనకీ అలాగే కుదురుతుందా? నేను కలిసిన ఏజెంటు మాత్రం ముందు ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి వస్తే ఫైలు త్వరగా కదులుతుందంటున్నాడు. ఊళ్ళో నాన్నగారి పేరు మీద పొలం ఉంది, అది నాకు రాకుండా పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు (హోచిమిన్ సిటీ నుంచి)

తమ్ముడూ, ముందు ఆ ఏజెంటు మాట పక్కన పెట్టు. పాస్‌పోర్టు సరెండర్ చేయొద్దు. వియత్నాం చట్టంలో వరుస వేరేగా ఉంది. నువ్వు దరఖాస్తు పెడతావు, పోలీసు విచారణ అవుతుంది, ఫైలు హనోయిలోని న్యాయ మంత్రిత్వ శాఖకు వెళుతుంది. నీకు అర్హత ఉందని వాళ్ళు తేల్చాక, పాత పౌరసత్వం వదులుకునే పని మొదలుపెట్టమని వాళ్ళే రాతపూర్వకంగా నోటీసు పంపుతారు. చివరికి సంతకం పెట్టేది దేశాధ్యక్షుడు. ఆ నోటీసు రాకముందే నువ్వు భారత పౌరసత్వం వదిలేసి, ఇక్కడ ఫైలు ఆగిపోతే, ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోతావు. పుట్టబోయే బిడ్డను పెట్టుకుని అలాంటి పరిస్థితి తెచ్చుకోకు.

ఇక ఫ్రెంచ్ ఆయన చెప్పింది ఆయన వరకు నిజమే. 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం వియత్నాం పౌరుల భర్త లేదా భార్య పాత పౌరసత్వాన్ని కూడా ఉంచుకోవచ్చు. కానీ అందుకు అధ్యక్షుడి అనుమతి కావాలి, ఆ రెండో దేశం చట్టం కూడా ఒప్పుకోవాలి. ఫ్రాన్స్ ఒప్పుకుంటుంది. మన దగ్గర 1955 పౌరసత్వ చట్టం, సెక్షన్ 9 ఒప్పుకోదు. ఇష్టపూర్వకంగా ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. కాబట్టి మనవాళ్ళు అటో ఇటో తేల్చుకోవాల్సిందే.

నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడే పౌరసత్వం దాకా వెళ్ళక్కర్లేదు. నీకు దేనికి కావాలో చూసుకో. ఉద్యోగానికా? వియత్నాం పౌరురాలిని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉంటున్నవాళ్ళకు వర్క్ పర్మిట్ అక్కర్లేదని 2019 కార్మిక చట్టంలోనే ఉంది. ఇల్లు కొనడానికా? నీ భార్యతో కలిసి కొనుక్కోవచ్చు, మామూలు విదేశీయుల యాజమాన్యానికుండే 50 ఏళ్ళ పరిమితి నీకు వర్తించదు. ఉండటానికా? జీవిత భాగస్వామికిచ్చే తాత్కాలిక నివాస కార్డు (టీటీ కార్డు) మూడేళ్ళ దాకా ఇస్తారు. ఇక్కడ మూడేళ్ళు వరుసగా ఉంటే, భార్య స్పాన్సర్‌గా శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు. అందుకు సొంతిల్లో అద్దె ఇల్లో, చట్టబద్ధమైన నివాసం ఉన్నట్టు, స్థిరమైన ఆదాయం ఉన్నట్టు చూపించాలి. ఆ కార్డును పదేళ్ళకోసారి మార్పించుకుంటే చాలు.

ఇంకో సంగతి. పౌరసత్వానికి పెట్టుకునేటప్పటికి ఈ శాశ్వత నివాసం నీ చేతిలో ఉండి తీరాలి. పౌరుల భార్యాభర్తలకు అయిదేళ్ళ శాశ్వత నివాసం, వియత్నామీస్ భాష, జీవనాధారం అనే మూడు షరతులూ సడలించారు కానీ ‘ప్రస్తుతం శాశ్వత నివాసి అయి ఉండాలి’ అన్నది సడలించలేదు. ఏజెంట్లు చెప్పకుండా దాటేసేది ఇదే. భాష అక్కర్లేదన్నారు కదా అని నేర్చుకోవడం మాత్రం మానకు, ఆఫీసుల్లో కాగితాలన్నీ వాళ్ళ భాషలోనే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా. ఏజెంటుకి ఈ రోజే వద్దని చెప్పేస్తాను. శాశ్వత నివాసం దారిలోనే వెళతాను. పొలం సంగతి, బిడ్డ సంగతి కూడా కాస్త చెప్పగలరా?

జవాబు (హోచిమిన్ సిటీ నుంచి)

పొలం గురించి ఇంట్లోవాళ్ళు భయపడక్కర్లేదు. రేపు నువ్వు వియత్నాం పౌరుడివై ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన దేశం ఇచ్చే కార్డు) తీసుకున్నా, తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే వ్యవసాయ భూమి నీకు వస్తుంది. కొత్తగా పొలం కొనడం మాత్రం కుదరదు. అది ఎన్నారైగా ఇప్పుడూ కుదరదు కాబట్టి అందులో కొత్తగా పోయేదేమీ లేదు. పోయేది ఓటు, పాస్‌పోర్టు.

బిడ్డ విషయంలో పుట్టకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. జనన నమోదు చేయించేటప్పుడే పౌరసత్వం గురించి తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పందం ఇవ్వాలి. వియత్నాం గడ్డ మీద పుట్టిన బిడ్డ గురించి మీరు ఒక మాట మీదికి రాకపోతే వియత్నాం పౌరసత్వమే వస్తుంది. భారత పౌరసత్వం కావాలంటే ఏడాదిలోపు మన కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని డిక్లరేషన్ ఇవ్వాలి. వియత్నాం వైపే ఉంచితే, నువ్వు భారత పౌరుడివి కాబట్టి బిడ్డకు ఓసీఐ తీసుకోవచ్చు. ఇంకొకటి: నువ్వు డిక్లరేషన్ ఇచ్చి భారత పౌరసత్వం వదులుకుంటే, నీ మైనర్ పిల్లల భారత పౌరసత్వం కూడా దాంతోపాటే పోతుంది.

మరో సభ్యురాలి ప్రశ్న (శాన్ హోసే నుంచి)

అన్నయ్యగారూ, మాది ఇంకో రకం కేసు. మా ఆయన సైగాన్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి ఇక్కడి పౌరుడయ్యారు. నాదీ ఇప్పుడు అమెరికన్ పాస్‌పోర్టే. కొత్త చట్టం ప్రకారం ఆయన పౌరసత్వం తిరిగి తెచ్చుకోవచ్చంటున్నారు. నాకూ పిల్లలకీ వస్తుందా?

జవాబు (హోచిమిన్ సిటీ నుంచి)

చెల్లెమ్మా, అసలు ఆయన పౌరసత్వం పోయిందా లేదా అన్నది ముందు చూడాలి. అమెరికా పౌరుడైనంత మాత్రాన వియత్నాం పౌరసత్వం దానంతటదే పోదు. 2009 జూలై 1 నాటికి అక్కడి చట్టం ప్రకారం పోగొట్టుకోనివాళ్ళకు అది ఇంకా ఉన్నట్టే. అలాంటివాళ్ళు తిరిగి పొందడానికి కాదు, ఉందని నిర్ధారించమని దరఖాస్తు పెట్టాలి. పాత జనన ధ్రువపత్రం లాంటి కాగితం ఏదైనా దొరుకుతుందేమో అత్తగారింట్లో వెతికించు, ఆ ఒక్క కాగితంతో పని చాలా తేలికవుతుంది. నిజంగా పోయి ఉంటేనే తిరిగి పొందే దారి. ఆ దరఖాస్తు మీ శాన్ ఫ్రాన్సిస్కోలోని వియత్నాం కాన్సులేట్‌లోనే ఇవ్వొచ్చు.

తండ్రి వియత్నాం పౌరుడైతే పిల్లలకు అక్కడ నివాసం ఉండాలన్న షరతు లేదు. అధ్యక్షుడు అనుమతిస్తే అమెరికా పౌరసత్వమూ ఉంచుకోవచ్చు. నీకు మాత్రం భార్యగా శాశ్వత నివాసం షరతు ఉంటుంది. ఏటా వెళ్ళి రావడానికే అయితే, విదేశీ వియత్నామీయుల భార్యాభర్తలకు ఇచ్చే అయిదేళ్ళ వీసా మినహాయింపు పత్రం తీసుకో. వెళ్ళినప్పుడల్లా ఆరు నెలల దాకా ఉండొచ్చు.

ఇద్దరికీ కాగితాల గురించి ఒక జాగ్రత్త. పౌరసత్వం దరఖాస్తుతో ఇచ్చే నేర చరిత్ర ధ్రువపత్రం 90 రోజుల లోపు తీసుకున్నదై ఉండాలి, కాబట్టి దాన్ని అన్నిటికంటే చివర తీసుకోండి. తమ్ముడూ, నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉందా, పెళ్ళి పత్రంలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉందా అని ఈ వారమే సరిచూసుకో. తేడా ఉంటే బిడ్డ జనన నమోదుకు ముందే సరిచేయించు.