ముసలి కుక్క కంటిరెప్ప మీద పులిపిరి: ఫ్రీజ్ చేయించాలా, కోయించాలా?

లక్కీవాళ్ళమ్మ:
మా లక్కీ లాబ్రడార్, 12 ఏళ్ళు. కుడి కంటి పైరెప్ప అంచున మెంతిగింజంత పులిపిరి లేచింది. రెప్ప వేసినప్పుడల్లా కంటికి రాసుకుని నీళ్ళు కారుతున్నాయి. దానికి గుండె వీక్. పూర్తి మత్తు రిస్కు, లిక్విడ్ నైట్రోజన్‌తో ఫ్రీజ్ చేద్దామన్నారు డాక్టర్ గారు. మా తమ్ముడేమో కోయించమంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

టామీ నాన్న:
కోయించండి అక్కా. ఫ్రీజ్ చేస్తే ఆ కండ అక్కడే చచ్చిపోతుంది, ల్యాబ్‌కి పంపడానికి ఏమీ మిగలదు. మా టామీ తొడ మీద పులిపిరే అనుకుని ఒక క్లినిక్‌లో ఫ్రీజ్ చేశారు. నాలుగు నెలలకి అదే చోట మళ్ళీ లేచింది. ఈసారి కోసి పంపితే మాస్ట్ సెల్ ట్యూమర్ అని వచ్చింది. క్యాన్సర్. ఆ నాలుగు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

పల్లె పశువైద్యుడు:
టామీ విషయంలో ముందు సూది పరీక్ష చేసి ఉండాల్సింది. సన్న సూదితో కాసిని కణాలు లాగి మైక్రోస్కోపులో చూస్తే మాస్ట్ సెల్ చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.
రెప్ప సంగతి వేరమ్మా. పైకి లేచిన ముక్కను కత్తిరించి ల్యాబ్‌కి పంపి, మొదలు మాత్రం ఫ్రీజ్ చేయొచ్చు. చాలా కుక్కలకి లోకల్ మత్తు, కాస్త నిద్రమందు సరిపోతాయి. కృత్రిమ గర్భధారణకి వీర్యం దాచే క్యాన్లలో ఉండేదీ ఈ నైట్రోజనే, మైనస్ 196 డిగ్రీలు. వీర్యానికి గ్లిజరాల్ లాంటి రక్షణ కలుపుతాం కాబట్టి బతుకుతుంది. పులిపిరి కణాల్లో మంచు ముక్కలు కట్టి అవి చస్తాయి. త్వరగా గడ్డకట్టించి, మెల్లగా కరగనిచ్చి, మళ్ళీ ఒకసారి చేస్తాం.
తర్వాత రెప్ప వాస్తుంది, చూసి భయపడకండి. చెక్కు కట్టి రెండు మూడు వారాల్లో ఊడిపోతుంది. అక్కడ వెంట్రుకలు తెల్లగా రావచ్చు. గోక్కోకుండా మెడకి గరాటులాంటి కాలర్ వేయండి.

రెండు పిల్లులు:
మనుషుల పులిపిర్లకి అమ్మే ఫ్రీజింగ్ స్ప్రే ఇంట్లో వాడొచ్చా?

పల్లె పశువైద్యుడు:
వద్దు. కంటి దగ్గరైతే అసలే వద్దు. కంట్లో పడితే కన్ను దెబ్బతినొచ్చు.

టామీ నాన్న:
ముక్క ల్యాబ్‌కి వెళ్తుందంటే నేనూ ఒప్పుకుంటాను. ఊరికే ఫ్రీజ్ చేసి ఇంటికి పంపిస్తామంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

లక్కీవాళ్ళమ్మ:
ఇప్పుడే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ముక్క పంపుతామన్నారు. శనివారం పొద్దున తీసుకెళ్తున్నాం. టామీకి ఇప్పుడెలా ఉంది తమ్ముడూ?