డ్రైవరు చేసిన ప్రమాదానికి లారీ యజమానిని పరిహారం అడగవచ్చా?

ప్రశ్న (తిరుపతి):

అందరికీ నమస్కారం. మా అన్న ఇళ్లకు పాలు పోసి జీవించే మనిషి. పోయిన నెల పాకాల వైపు నుంచి బైకు మీద వస్తుండగా, తోతాపురి కాయలను గుజ్జు ఫ్యాక్టరీలో దించి ఖాళీగా తిరిగి వెళ్తున్న మినీ లారీ పక్కదారిలోంచి చూసుకోకుండా రోడ్డెక్కి ఆయనను గుద్దింది. కుడి తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. చాలా నెలలు బరువులు ఎత్తకూడదన్నారు. క్యాన్లు ఎత్తనిదే ఆయనకు పని లేదు. డ్రైవరు మీద ఎఫ్‌ఐఆర్ అయింది కానీ అతనికి ఆస్తి ఏమీ లేదు. లారీ యజమానేమో తాను బండిలో లేనని, డ్రైవరు సొంత పని మీద దారి మళ్లాడని, అసలు ఆ బండిని మార్చిలోనే అమ్మేశానని అంటున్నారు. ఆర్‌సీ మాత్రం నేటికీ ఆయన పేరునే ఉంది. యాభై వేలు ఇస్తాం, ఇకపై ఏ కేసూ వేయమని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టండని పెద్దమనుషులతో అడిగిస్తున్నారు. మేం ఏం చేయాలి?

జవాబు 1 (న్యాయవాది, చిత్తూరు):

దయచేసి ఆ కాగితం మీద సంతకం చేయకండి. రేపు మీరు ట్రిబ్యునల్‌కు (రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే న్యాయస్థానానికి) వెళ్తే అవతలి వాళ్లు మొదట చూపేది దాన్నే. వైద్యానికి సాయంగా డబ్బిస్తే ఆ మేరకు మాత్రమే రసీదు రాసివ్వండి.

డ్రైవరు యజమాని పని మీద ఉండగా చేసిన నిర్లక్ష్యానికి యజమాని కూడా బాధ్యుడే. ఆయన బండిలో ఉండనక్కరలేదు. సరుకు దించి తిరిగి రావడం కూడా ఆ పనిలో భాగమే కనుక, దారిలో కొంచెం పక్కకు వెళ్లినంత మాత్రాన బాధ్యత తప్పదు. ఇక అమ్మకం సంగతి. మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే వారే యజమాని; పేరు మార్చకుండా బండి చేతులు మారినా బాధితుడికి జవాబు చెప్పాల్సింది ఆర్‌సీలో ఉన్న వ్యక్తేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అదీగాక, మార్చిలోనే అమ్మేసిన మనిషికి డ్రైవరు ఆ రోజు ఎవరి పని మీద వెళ్లాడో ఎలా తెలిసింది?

పిటిషనులో డ్రైవరును, యజమానిని, బీమా సంస్థను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. లైసెన్సు సరిగా లేదని బీమా సంస్థ వాదించినా, చాలా కేసుల్లో ముందు బాధితుడికి చెల్లించి, ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తున్నాయి. 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇందుకు ఆధారం. 2022 ఏప్రిల్ 1 నుంచి పిటిషనుకు ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది కాబట్టి ఆలస్యం చేయకండి. మీరు నివసించే చోటే, అంటే తిరుపతిలోనే వేయవచ్చు.

ఒక జాగ్రత్త. తప్పెవరిదో నిరూపించే పని లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షను ఉంది. బీమా సంస్థతో కుదిరి ఆ మొత్తం పుచ్చుకుంటే ట్రిబ్యునల్లో వేసిన పిటిషను రద్దవుతుంది. మీ అన్నగారి నష్టం అంతకు మించి ఉండవచ్చు, ముందు లెక్క చూసుకోండి.

జవాబు 2 (రవాణా వాహనాల యజమాని, రేణిగుంట):

వకీలుగారు చెప్పినది నిజం. బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి బ్రోకరు చేతిలో పెట్టి, పేరు మారిందో లేదో చూసుకోని వాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ప్రమాదం రోజుకు ఇన్సూరెన్సు ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. అది లేకపోతే మొత్తం భారం యజమాని మీదే పడుతుంది. ఆయన రాజీకి ఇంత తొందరపడటం చూస్తే నాకు ఆ అనుమానమే వస్తోంది.

మామిడి సీజనులో ఫ్యాక్టరీల ముందు లారీలు రాత్రంతా వరుసలో నిలబడతాయి. డ్రైవరు స్టీరింగు మీద తల ఆన్చి కునుకు తీస్తూ, వరుస కదిలినప్పుడల్లా లేచి బండి ముందుకు జరుపుతాడు. తెల్లారి సరుకు దించగానే రెండో లోడుకు రమ్మని ఫోను చేసేది యజమానులమే. అలాంటప్పుడు ప్రమాదం డ్రైవరొక్కడి తప్పు ఎలా అవుతుంది?

ప్రశ్న వేసినవారు:

యాప్‌లో చూశాను, ఇన్సూరెన్సు ఉంది. అన్న ఆ రోజు హెల్మెటు పెట్టుకోలేదు. దాంతో పరిహారం పోతుందా?

జవాబు 1:

దెబ్బ తొడకు తగిలింది. హెల్మెటు లేకపోవడానికీ ఆ గాయానికీ సంబంధం చూపించనిదే అది సహ నిర్లక్ష్యం, అంటే బాధితుడి వైపు తప్పు, కాదు. ఫీజు ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం అడగండి.

జవాబు 3 (చంద్రగిరి):

మా నాన్న కేసులో ఎక్కువ వాదన జరిగింది ఆదాయం మీద. కాలు ఎంత శాతం దెబ్బతిన్నదని మాత్రమే చూడకుండా, ఆ మనిషి చేసే పనికి అది ఎంత అడ్డమో చూడాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. కూర్చుని పని చేసేవారికీ, క్యాన్లు మోసే మీ అన్నగారికీ ఒకే రాడ్డు వేసినా నష్టం ఒకటి కాదు. ఏ ఇంటికి ఎన్ని లీటర్లు పోశారో రాసుకున్న ఖాతా పుస్తకం, పాలు కొన్న చోట ఇచ్చిన చీటీలు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితం, అన్నీ జాగ్రత్త చేయండి. పాలు పోయించుకునే ఇళ్లవారిలో ఒకరిద్దరు వచ్చి సాక్ష్యం చెబుతారేమో ఇప్పుడే అడిగి ఉంచండి.