9 గంటల లేఓవర్‌లో ఊరు చూసి రావచ్చా?

రెండు విమానాల మధ్య నాకు 9 గంటల ఖాళీ దొరికింది. ఒకే టికెట్ కాబట్టి పెద్ద పెట్టె నేరుగా చివరి ఊరికే వెళ్తుందట, చేతిలో ఒక్క బ్యాగే. ట్రాన్సిట్ వీసా కూడా వచ్చేసింది.

ఇమిగ్రేషన్‌కి గంటన్నర, మళ్లీ సెక్యూరిటీ చెకింగ్‌కి 3 గంటలు, రానూపోనూ ఇంకో గంటన్నర తీసేస్తే మిగిలేది 3 గంటలే. అందులో మ్యూజియం చూడాలా, పాత బజారులో తింటూ తిరగాలా? నా మనసు బజారు వైపే. పోయినసారి ఇలాగే మ్యూజియానికి పరిగెత్తితే సోమవారం సెలవట, గేటు ముందు నిలబడి బిస్కెట్లు తిని వచ్చాను!

వీధి తిండి తిని వెంటనే విమానం ఎక్కినవాళ్లు ఉన్నారా? కడుపు ఇబ్బంది పెట్టలేదు కదా? తిరిగొచ్చేటప్పుడు ట్రాఫిక్ టెన్షన్ లేకుండా మెట్రోనే నమ్ముకోమంటారా?