యుద్ధ రుణాల ఓటు: 1914 ఆగస్టు 4న లీబ్‌క్నెక్ట్ లేచి నిలబడటం తప్పా, కాదా?

గోదారిగట్టు:
మన దగ్గర జర్మనీ సోషలిస్టు నాయకుడు కార్ల్ లీబ్‌క్నెక్ట్ పేరెత్తితే అందరూ 1914 డిసెంబరు 2 గురించే చెప్తారు. ఆ రోజు జర్మనీ పార్లమెంటు రైష్‌స్టాగ్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం అప్పు తెచ్చుకోవడానికి ఒప్పుకునే రెండో విడత యుద్ధ రుణాల బిల్లును ఆయన ఒక్కడే వ్యతిరేకించాడు. మా నాన్న ఈ కథ చెప్తూ ఉంటే వింటూ పెరిగాను. దానికి నాలుగు నెలల ముందు, ఆగస్టు 4న, మొదటి విడత 500 కోట్ల మార్కులకు (మార్కు అంటే జర్మనీ డబ్బు) అదే మనిషి ఒప్పుకున్నాడని మాత్రం నాకు ముప్పై ఏళ్ళు దాటాకే తెలిసింది.

ముందు రోజు ఆయన పార్టీ, అంటే కార్మికుల పక్షమైన సోషల్ డెమోక్రటిక్ పార్టీ సభ్యులు లోపల సమావేశమై ఓటు వేసుకున్నారు. 78 మంది రుణాలకు సరే అన్నారు, 14 మంది వద్దన్నారు. లీబ్‌క్నెక్ట్ ఆ 14 మందిలో ఉన్నాడు. కానీ సభలో అందరూ ఒక్కటిగా ఓటు వెయ్యాలన్నది పార్టీ కట్టుబాటు. మర్నాడు పార్టీ మొత్తం లేచి నిలబడింది, అంటే రుణాలకు సరేనని ఓటు వేసింది. ఇంకా ఘోరం ఏమిటంటే, లోపల వద్దన్న, పార్టీ అధ్యక్షుల్లో ఒకడైన హ్యూగో హాజే చేతనే "ఆపద సమయంలో మా దేశాన్ని విడిచిపెట్టం" అన్న ప్రకటన సభలో చదివించారు.

నా ఉద్దేశంలో ఆగస్టు ఓటు తప్పే. డిసెంబరు ఓటుతో ఆ తప్పు పోలేదు. మీరేమంటారు?

పాత లెక్కలు:
తప్పు కాదు. సభలో 397 మంది. వీళ్ళు 110 మంది. అందరూ కలిసి వద్దన్నా బిల్లు నెగ్గేది. అలాంటప్పుడు ఒక మనిషి విడిపోయి సాధించేదేముంది? పార్టీలో చీలిక ఉందని శత్రువులకు చూపించడం తప్ప.

నిలువుటద్దం:
"పార్టీ మొత్తం లేచి నిలబడింది" అనడం సరికాదు. ఫ్రిట్జ్ కూనర్ట్ అనే సభ్యుడు ఓటుకు ముందే బయటికి వెళ్ళిపోయానని తర్వాత చెప్పాడు. దయచేసి సవరించండి.

చుక్కాని:
పాత లెక్కలు గారూ, వీళ్ళ ఓటు లేకపోయినా బిల్లు నెగ్గుతుందంటే, మరి వీళ్ళ ఓటు కోసం ప్రభుత్వం ఎందుకంత పట్టుపట్టింది? ఆ ఓటుతో వచ్చేది డబ్బు కాదు, కూలి జనం కూడా ఒప్పుకున్నారనే మాట.

మన దగ్గరే చూడండి. 1940 నవంబరులో ఢిల్లీ కేంద్ర శాసనసభకు యుద్ధ ఖర్చుల కోసం పన్నులు పెంచే బిల్లు వచ్చింది. సభకు దూరంగా ఉంటున్న కాంగ్రెస్ సభ్యులు పనిగట్టుకుని వచ్చి వ్యతిరేకంగా ఓటు వేశారు. బిల్లు ఓడిపోయింది. వైస్రాయి లిన్‌లిత్‌గో తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలు చేశాడు. పన్ను ఎలాగూ పడింది. కానీ ఈ దేశం ఇష్టపడి ఇచ్చిందని చెప్పుకునే అవకాశం వాళ్ళకు లేకుండా పోయింది.

సత్తెనపల్లి కుర్రాడు:
1940లో మనది పరాయి పాలన. 1914లో వాళ్ళది సొంత దేశం. రెండింటినీ పక్కపక్కన పెడితే ఎలా అక్కా?

చుక్కాని:
సొంత దేశమే తమ్ముడూ. కానీ యుద్ధం ప్రకటించింది సభ కాదు కదా. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద ప్రకటించేశారు. సభ కూర్చున్నది 4న. ఛాన్సలర్‌ను, అంటే అక్కడి ప్రభుత్వాధినేతను, దింపే అధికారం కూడా ఆ సభకు లేదు. వాళ్ళ చేతిలో నిజంగా ఉన్నది ఖజానా తాళం ఒక్కటే. అది కూడా అడిగిన రోజే ఇచ్చేశారు.

పాత లెక్కలు:
ఇవాళ కూర్చుని చెప్పడం తేలిక. ఎదురుగా రష్యా చక్రవర్తి జార్ సైన్యం కదులుతోంది. జార్ అంటే ఆ రోజుల్లో యూరప్ కార్మికులందరికీ యముడు. కార్మిక సంఘాల నాయకులు ఆగస్టు 2నే సమ్మెలు ఆపేయాలని తీర్మానించారు. కాదంటే పత్రికలు మూయిస్తారు, ఆఫీసులు సీలు వేస్తారు, నలభై ఏళ్ళు చందాలు పోగుచేసి కట్టుకున్నదంతా పోతుంది. ఆ భయం అబద్ధం కాదు.

నాకు ఈ "ఒంటరి వీరుల" కథలంటే నమ్మకం పోయింది. మా ఫ్యాక్టరీలో 19 రోజులు సమ్మె చేశాం. నాకు ఆ సమ్మె ఇష్టం లేదు, అది సమయం కాదని కమిటీలో చెప్పాను. మెజారిటీ నిర్ణయం అయ్యాక గేటు ముందు అందరికంటే ముందు నేనే కూర్చున్నాను. ఒక్కడు మాత్రం "నా మనస్సాక్షి ఒప్పుకోదు" అని లోపలికి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా సూపర్‌వైజర్ అయ్యాడు. మాకు జీతాలు కోశారు. మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్ళాయి.

నిలువుటద్దం:
కూనర్ట్ విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒక్కడు బయటికి వెళ్ళాడంటే "అందరూ" అన్న మాటే నిలవదు. చర్చ మొదలే తప్పు మీద నడుస్తోంది.

చుక్కాని:
పాత లెక్కలు గారూ, మీ కోపమంతా ఆ సూపర్‌వైజర్ మీద. లీబ్‌క్నెక్ట్ వద్దన్నందుకు ఏం దొరికింది? 1915 మొదట్లోనే సైన్యంలోకి లాగి కూలి పనులకు పంపారు. 1916 మే డే నాడు బెర్లిన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా నినాదం ఇచ్చినందుకు జైలు. రెండున్నరేళ్ళ శిక్షను అప్పీలులో నాలుగేళ్ళకు పైగా పెంచారు. ఆయన్ని తీసుకొచ్చి మీ గేటు దాటిన మనిషి పక్కన నిలబెడతారా?

పాత లెక్కలు:
నేను అలా అనలేదు. నా మాట వక్రీకరించకండి. సమ్మెలో ఒక్కరోజు జీతం పోగొట్టుకోనివాళ్ళు కట్టుబాటు గురించి మాకు పాఠాలు చెప్పక్కర్లేదు.

చుక్కాని:
జీతం సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. మా అన్నయ్య సైన్యంలో పనిచేసి కాలు పోగొట్టుకుని వచ్చాడు. రావలసిన పెన్షన్ కోసం ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాం. వెళ్ళిన ప్రతిసారీ ఒక కాగితం తక్కువ. యుద్ధానికి డబ్బు మంజూరు చెయ్యడానికి ఒక్క పూట చాలు. తిరిగొచ్చినవాడికి ఇవ్వడానికి మాత్రం ఆరేళ్ళు. అందుకే ఈ ఓట్ల సంగతి నాకు పుస్తకాల్లో విషయంలా కనిపించదు.

లంకపల్లె:
అమ్మా, ఒక్కమాట. ఓటు వేసినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి. లుడ్‌విగ్ ఫ్రాంక్ అని అదే పార్టీ సభ్యుడు రుణాలకు సరేనన్నాడు, తనంతట తనే సైన్యంలో చేరాడు. సెప్టెంబరు 3న చనిపోయాడు. ఓటుకీ చావుకీ మధ్య నెల రోజులు.

చుక్కాని:
ఆయన నిజాయితీని నేను కాదనను. నేను అడిగేది వేరు. ఆ 500 కోట్లు ఎవరు కట్టాలో ఎవరైనా అడిగారా? అది పన్ను కాదు, అప్పు. కామందుల లాభాల మీద యుద్ధ పన్ను వేయడానికి 1916 దాకా ఆగారు. ఈలోగా టీచర్లు, గుమాస్తాలు, విధవలు దాచుకున్న డబ్బుతో యుద్ధ బాండ్లు కొన్నారు. తొమ్మిది విడతల్లో దాదాపు 9,800 కోట్ల మార్కులు. ఓడినవాళ్ళు తీరుస్తారులే అనుకున్నారు, తీరా ఓడింది వీళ్ళే. 1923లో ధరలు ఆకాశానికి అంటి డబ్బు విలువ పోయేసరికి ఆ బాండ్లు చిత్తుకాగితాలు అయిపోయాయి. పేదల పార్టీ ఆ రోజు కనీసం "ముందు ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోండి" అని షరతు పెట్టి ఉండాల్సింది. కట్టుబాటు, మనస్సాక్షి అని మనం కొట్టుకుంటున్నాం గానీ, నాకు కడుపుమంట అక్కడ.

గోదారిగట్టు:
ఈ కోణం నేను ఆలోచించలేదు. నిలువుటద్దం గారూ, కూనర్ట్ విషయం మీరు చెప్పింది సరే. "దాదాపు మొత్తం" అని చదువుకోవలసిందిగా అందరికీ మనవి.

పాత లెక్కలు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. నాకు ఈ కథలో లీబ్‌క్నెక్ట్ కంటే హాజేయే ఎక్కువ గుర్తుంటాడు. ఎందుకో మొన్న చెప్పలేదు.

ఆ సమ్మె ముగిసినప్పుడు ఒప్పందం కుదిరింది. పర్మనెంటు వాళ్ళందరినీ తీసుకుంటారు, పదకొండు మంది టెంపరరీ వాళ్ళను మాత్రం తీసుకోరు. కమిటీలో నేను వద్దన్నాను. ఏడుగురు సరే, నలుగురం కాదు. బ్రాంచి కార్యదర్శిని నేను కాబట్టి గేటు దగ్గర ఆ కాగితం నేనే చదవాలి. చదివాను. "యూనియన్ విజయం" అనే మాట కూడా అందులో ఉంది, అదీ చదివాను. ఆ పదకొండు మందీ ముందు వరసలో నిలబడి ఉన్నారు. ఆ ఖర్చు వాళ్ళ మీద పడింది. చుక్కాని గారు అడిగింది ఆ రోజు నేను అడగలేదు.

హాజే 1916 మార్చి 24న అత్యవసర బడ్జెట్‌కు వ్యతిరేకంగా సభలో మాట్లాడాడు. ఆయనతో కలిపి 18 మందిని పార్టీ సభా బృందం నుంచి వెళ్ళగొట్టారు. ఆయనకు ఇరవై నెలలు పట్టింది. నేను అలా లేచి మాట్లాడిన రోజు రాలేదు, రిటైర్ అయిపోయాను. అయినా సరే, ఆ రోజు కాగితం చింపేసి వెళ్ళిపోయి ఉంటే సరిపోయేదని మాత్రం నేను ఒప్పుకోను. మిగతా నాలుగు వందల మంది కొలువులు ఆ సంతకంతోనే నిలిచాయి.

చుక్కాని:
మొన్న కటువుగా రాశాను, ఏమీ అనుకోకండి. నా అభిప్రాయం మారలేదు. ఆ పదకొండు మందిలో ఎవరినైనా తర్వాత కలిశారా?

పాత లెక్కలు:
ఒకరి ఇంటికి వెళ్ళాను. ఆయన లేడు, పనికోసం వేరే ఊరు వెళ్ళాడట. వాళ్ళావిడ మంచినీళ్ళు ఇచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు, నేనూ చెప్పలేదు.