జారుడుబండకు గుడిస్తే జారుడుబండి

మిత్రులందరికీ నమస్కారం.

కొన్ని వారాలుగా నా మనసంతా ఒక కట్టడం మీదే ఉంది. కొత్తగా కడుతున్న రోలర్ కోస్టర్, అదీ ఉక్కుది కాదు, కొయ్యది. పని ఎంతవరకు వచ్చిందో ఫొటోల్లో చూస్తున్నాను. నేల మీద పరిచి బిగించిన చట్రాన్ని క్రేను మెల్లగా పైకి లేపి నిలబెడుతుంది. దాని పక్కన ఇంకొకటి. రెండింటినీ అడ్డదూలాలతో కలిపి, ఏటవాలుగా ఊతకర్రలు బిగిస్తారు. కింద నిలబడి తీసిన ఫొటోలో ఆ కర్రల మధ్య ఆకాశం చిన్న చిన్న గళ్లుగా కనిపిస్తోంది. నిన్నటి ఫొటోలో మొదటి మిట్ట కొస దాకా చట్రాలు లేచాయి. ఆ సంతోషంలో ఇంట్లో పిల్లలకు చెప్పబోయి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. దీన్ని తెలుగులో ఏమనాలి?

పత్రికలు రోలర్ కోస్టర్ అనే రాస్తున్నాయి. అందులో తప్పేమీ లేదు, అందరికీ అర్థమవుతుంది. కానీ ఆ మాట విన్న పిల్లవాడికి అది చక్రాల మీద జారే బండి అని తెలియదు. మాటలోనే వస్తువు కనిపించాలని నా ఆశ. రెండు రోజులు ఆలోచిస్తే దొరికిన మాట ఇది: జారుడుబండి.

జారుడుబండ మనందరికీ తెలిసిందే. డకు గుడిస్తే డి. ఆ ఒక్క గుడితో బండ కాస్తా బండి అయింది. మాట కట్టిన తీరు కూడా కొత్తది కాదు. తోయడానికి తోపుడుబండి ఉన్నప్పుడు జారడానికి జారుడుబండి ఎందుకు ఉండకూడదు?

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఈ ఆట చరిత్ర కూడా సరిగ్గా ఈ దారిలోనే నడిచింది. రోలర్ కోస్టర్‌కు పూర్వరూపం రష్యాలో చలికాలంలో కట్టిన మంచు జారుడుబండలు. కర్రలతో ఎత్తుగా వాలు కట్టి, దాని మీద మంచు గట్టిపరచి, పైనుంచి జారేవారు. ఆ సరదా ఫ్రాన్సు చేరేసరికి మంచుకు బదులు చక్రాలు వచ్చాయి. అంటే అక్కడ కూడా బండ బండి అయింది. 1884లో న్యూయార్కులోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నడిపిన కొయ్యబండి గంటకు 10 కిలోమీటర్ల వేగం కూడా దాటేది కాదు. జనం మెట్లెక్కి పైకి వెళ్లి, పక్కకు తిరిగి కూర్చుని, ఐదు సెంట్లు ఇచ్చి జారేవారు.

ఇతర భాషలవారు ఏమంటున్నారో చూస్తే ఇంకా ముచ్చటగా ఉంది. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ భాషల్లో దీని పేరుకు అర్థం ‘రష్యా కొండలు’. రష్యన్లు మాత్రం ‘అమెరికా గోర్కి’ అంటారు! గోర్కా అంటే చిన్న కొండ. పిల్లలు ఆడుకునే జారుడుబండకు కూడా వాళ్లు అదే మాట వాడతారు. అది చదివాక నా మాట మీద నాకు నమ్మకం రెట్టింపైంది. జర్మన్ పేరుకు ‘ఎనిమిది ఆకారపు దారి’ అని అర్థం, హంగేరియన్ పేరుకు ‘అలల రైలు’ అని. స్వీడిష్ వాళ్లది ‘కొండా లోయా దారి’. మన మిట్టపల్లాలు దానికి ఎంత దగ్గరో చూడండి.

ఇక రెండో చిక్కు. ఇది కొయ్యదా, చెక్కదా, కర్రదా, కలపదా? నిజానికి ఈ చర్చ మొదలుపెట్టింది దీనికోసమే. కలప అనగానే నాకు అడితి, లారీ, కొలతలు గుర్తొస్తాయి. అది ఇంకా సరుకే, వస్తువు కాలేదు. కర్ర అంటే చేతిలో పట్టుకునేది ముందు తోస్తుంది. చెక్క అంటే పలుచగా, బల్లపరుపుగా కోసిన ముక్క. కొయ్య మాత్రం మనిషి చెయ్యి పడి రూపం దిద్దుకున్నది: కొయ్యగుర్రం, కొయ్యబొమ్మ, కొయ్యకాలు. అందుకే నా ఓటు కొయ్య జారుడుబండికి. మొదటి మిట్ట మీద నుంచి కిందికి చూసినవాడు కొయ్యబారిపోతాడు కూడా. ఇంతకన్నా తగిన మాట ఎక్కడ దొరుకుతుంది?

మీ అభిప్రాయాలు రాయండి.

చేర్పు (మీ వ్యాఖ్యలు చదివాక):

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. చాలా సంతోషం.

రంగులరాట్నం అంటే సరిపోదా అని ఇద్దరు అడిగారు. సరిపోదండి. రాట్నం ఉన్నచోటే తిరుగుతుంది, ఇది పరుగెత్తుతుంది.

‘చెక్క’ వైపు మాట్లాడిన సభ్యురాలి వాదన మాత్రం నన్ను రాత్రంతా ఆలోచనలో పెట్టింది. పేరు పెట్టేటప్పుడు చట్రాన్ని చూడకూడదు, పట్టాను, అంటే బండి నడిచే దారిని చూడాలి అని ఆవిడ అన్నారు. అది అక్షరాలా నిజం. 1927 నాటి కోనీ ఐలాండ్ రోలర్ కోస్టర్ ‘సైక్లోన్’కు చట్రం ఉక్కుది. అయినా దాన్ని కొయ్యదనే లెక్కిస్తారు, ఎందుకంటే పట్టా చెక్కది. పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపుకు తగ్గట్టు వంచి, బిగిస్తారు. సాధారణంగా ఎనిమిది వరుసలుంటాయి. చక్రం ఆనేచోట పైన ఒక ఉక్కు బద్ద పరుస్తారు. కాబట్టి నేను సగం దిగివస్తున్నాను: పట్టాను ‘చెక్కపట్టా’ అందాం. బండి పేరులో మాత్రం కొయ్యను వదులుకోలేను.

నిలువు కర్రలకు ‘నిట్టాడి’ అని ఒక పెద్దాయన సూచించారు. గుడిసె నడుమ నిలిచి ఇంటి బరువంతా మోసే గుంజ పేరు ఇక్కడ మళ్లీ బతకడం చూసి ఆ వ్యాఖ్యను మూడుసార్లు చదివాను. ఇక నుంచి ఆ ఫొటోల కింద నిట్టాడులనే రాస్తాను.

కొయ్య మీద ఇంత మక్కువ ఎందుకని ఇంకొకరు అడిగారు. కొయ్యకు ప్రాణం ఉన్నట్టుంటుంది. తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. బండి వెళ్లేటప్పుడు కట్టడమంతా కాస్త ఊగుతుంది. అలా ఊగేలాగే కడతారు, బిర్రబిగుసుకుని ఉంటే దెబ్బ తింటుంది. ఏటా కొంత మేర పట్టా విప్పి కొత్త చెక్క వేస్తూ ఉండాలి. అలా చూసుకుంటే ఎంతకాలం నిలుస్తుందో పెన్సిల్వేనియాలోని ‘లీప్ ద డిప్స్’ అనే జారుడుబండి చూపిస్తోంది. 1902లో కట్టారు, ఈనాటికీ నిలబడి ఉంది. ఒహాయోలోని బీస్ట్ 1979 నాటిది. దాని పొడవు 7,361 అడుగులు, కొయ్యవాటిలో అంత పొడవైనది ఇంకొకటి లేదు.

మిగిలిన పెద్ద ప్రశ్న ‘ఎయిర్‌టైమ్’. మిట్ట దాటి బండి కిందికి దూకేటప్పుడు ఒళ్లు సీటు మీంచి లేస్తుంది, ఒక క్షణం బరువే ఉండదు. పాత బండ్లు పట్టా మీద ఊరికే ఆని ఉండేవి, అందుకని వాలులు మెత్తగా ఉంచేవారు. జాన్ మిల్లర్ పట్టా కింద కూడా చక్రం పెట్టే పద్ధతికి 1919లో పేటెంటు పొందాక బండి పట్టాను విడిచిపోదన్న ధీమా వచ్చింది, వాలులు నిటారయ్యాయి. ఆ క్షణానికి ‘గుండె జారడం’ అని కొందరు రాశారు. జారుడుబండిలో గుండె జారడం వినడానికి బాగుంది కానీ, అది భయం ఒక్కటే చెబుతోంది. ఆ క్షణంలో భయం కన్నా సంతోషం ఎక్కువ. తోపుడు, జారుడు వరసలోనే ‘తేలుడు’ అంటే ఎలా ఉంటుంది? ‘మూడో మిట్ట మీద మంచి తేలుడు ఉంది’ అని పైకి అని చూశాను. నా చెవికి బాగానే ఉంది. మీరూ ఒకసారి అని చూసి చెప్పండి.

మొదటి మిట్ట ఎక్కించే గొలుసు చప్పుడుకు కూడా ఒక మాట కావాలి. బండి వెనక్కి జారకుండా అడుగున ఒక ఇనుప కొక్కెం మెట్టు మెట్టుకూ పడుతూ ఉంటుంది, ఆ చప్పుడే పైదాకా వినిపిస్తుంది. టకటక అంటే మరీ తొందరగా ఉంది, టిక్కుటిక్కు అంటే గడియారమైపోతుంది. నాకు ఇప్పటికి ‘టకాటకా’ దగ్గరగా అనిపిస్తోంది. ఆ కొత్తదానికి గొలుసు ఇంకా వెయ్యలేదు, వేసేలోపు తేల్చుకుందాం.